విమోచనం లేని శాపం

"ఇంకా వేగంగా పోవే, ముదనష్టపుదానా!" అని అరుస్తూ వింధ్యావళి కంచరగాడిద డొక్కలో మడమతో పొడిచింది. అది మాత్రం తన ఇష్టం వచ్చినట్టే పోతోంది. వెనక ఎండ పడని కనుమ పొడుగునా పొగ. ఆ పొగలో రెండు నిప్పుకళ్ళు. శిలావతీ నగరానికి పోయే దారిలో ధూమ్రకేశి అనే మాంత్రికుడు కాపలా పెట్టిన పొగపులి అది. దానికి ఒళ్ళు లేదు, పంజాలు మాత్రం ఉన్నాయి. కత్తి విసిరితే గాలిలో తిరుగుతుంది. అది కరిస్తే ఎముక కూడా మిగలదు.

అయినా వింధ్యావళి కోపం పులి మీద కాదు, అంకగిరి ఆచార్యుల మీద. ఆ కొండ మీది విద్యాపీఠంలో ఆమె శుద్ధగణితం చదువుతోంది. ఇల్లు కట్టడానికీ, గ్రహణం చెప్పడానికీ పనికొచ్చే లెక్కలు కావవి. సంఖ్యలూ ఆకారాలూ వాటంతట అవి ఎలా ఉంటాయో, ఎందుకు అలాగే ఉండాలో తేల్చే చదువు. ఆ ఉదయమే రాళ్ళబండివాడొకడు కబురు తెచ్చాడు. ఆమె అన్న కేదారుడు శిలావతిలో మాంత్రికుడి శాపం తగిలి రాయి అయిపోయాడు. ఈ రోజు పొద్దుగూకేలోగా ఆ రాతిని సున్నపు బట్టీలో వేస్తారట.

ఆమె పరుగున వెళ్ళి ఆచార్యులకు చెబితే ఆయన కళ్ళు మూసుకుని, "మన శాస్త్రం ఎవరికీ దేనికీ పనికిరాదమ్మా. అదే దాని పవిత్రత. నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?" అన్నాడు.

"మా అన్న బండలు కొట్టి నన్ను ఇక్కడ చదివించాడండీ. పనికిరాదన్న మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది!" అని వంటశాల గుంజకు కట్టేసిన కంచరగాడిదను విప్పుకుని వచ్చేసింది.

కనుమ మలుపులో కంచరగాడిద టక్కున ఆగింది. వింధ్యావళి దాని తల మీదుగా ఎగిరి ముళ్ళపొదలో పడింది. పొగపులి పైకి లేచింది. అంతలో పక్క బండ మీద నుంచి ఒక తాపీపనివాడు దూకాడు. తలకు మాసిన గుడ్డ, చేతిలో సమ్మెట. "భయపడకు! నేనున్నాను!" అంటూ సమ్మెట గిరగిరా తిప్పి కొట్టాడు. సమ్మెట పులిలోంచి దూసుకుపోయి అవతలి బండకు తగిలింది. బండ పగిలి వెనక ఒక గుహ బయటపడింది. ఇద్దరూ అందులోకి దొర్లుకుంటూ పోయారు. పై నుంచి రాళ్ళు జారి గుహ వాకిలి మూసుకుపోయింది. కంచరగాడిద మాత్రం ఎప్పుడు వెనుదిరిగిందో గాని కనుమ పైన క్షేమంగా ఓండ్రపెడుతోంది.

గుహలో చీకటి. రాళ్ళ సందుల్లోంచి పొగ సన్నగా లోపలికి పాకుతోంది. పులి వాళ్ళను వదల్లేదు.

"నువ్వుండటం వల్ల భలే మేలు జరిగింది," అంది వింధ్యావళి ముళ్ళు పీక్కుంటూ.

"ప్రాణం కాపాడిన వాడితో మాట్లాడే తీరు ఇదేనా? నేనెవరో తెలుసా?" అతను తలగుడ్డ లాగేశాడు. చెవులకు వజ్రాల కుండలాలు. "సింధూరపురి యువరాజును. ఉదయసేనుణ్ణి."

"తాపీపనివాడి వేషం వేసేవాడు కుండలాలు తీసేయాలని తెలియదా?"

ఉదయసేనుడు గబుక్కున చెవులు మూసుకున్నాడు.

వింధ్యావళి పొగను చూస్తోంది. "ఈ గుహకు రెండో దారి ఉంది," అంది.

"ఎక్కడ?"

"తెలియదు. పొగ ఇందాకటి నుంచీ లోపలికి వస్తూనే ఉంది. గుహ నిండటం లేదు. ఎటో పోతోంది. కాబట్టి దారి ఉంది."

"ఉందని తెలిసి, ఎక్కడుందో తెలియకపోతే ఏం లాభం?"

"లేదనుకుని ఏడుస్తూ కూర్చోవడం కంటే లాభమే. లే!"

పొగ పాకే వైపే పాకుతూ, తలలు కొట్టుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ పోయారు. పొగ దట్టమై పంజా రూపు కట్టేసరికి ముందు సన్నని వెలుగు కనిపించింది. ఉదయసేనుడు భుజం ఆనించి నెట్టాడు. బండ కదిలింది. ఇద్దరూ ఎండలోకి దొర్లి పడ్డారు. నడి మధ్యాహ్నపు ఎండకు పొగపులి ఒక్కసారి అరిచి విడిపోయింది.

కింద లోయలో శిలావతీ నగరం మెరుస్తోంది.

నగరమంతా రాతితోనే ఉంది. ఎర్రరాతి ప్రాకారం మీద తెల్లరాతి హంసల బారు, హంసల ముక్కుల్లోంచి కాలువలోకి దూకే నీళ్ళు, నీళ్ళకు అటూఇటూ నీలపురాతి మెట్లు. ఇంటింటి ముందూ రాతి లతలు, లతల్లో రాతి పిచ్చుకలు. గాలి వీస్తే మోగే సన్నని రాతి గంటలు. అదంతా శిల్పుల వీధివాళ్ళ చేతిపని. ఇప్పుడు ఆ వీధిలో ఉలి చప్పుడు లేదు. నగరం నడుమ సున్నపు బట్టీ పొగ మాత్రం మబ్బులా నిలబడింది.

దిగుతూ దిగుతూ వింధ్యావళి అన్న సంగతి చెప్పింది, ఉదయసేనుడు నగరంలో జరిగినదంతా చెప్పాడు. ధూమ్రకేశి తన విగ్రహం చెక్కి గుళ్ళో పెట్టమని శిల్పులను ఆజ్ఞాపించాడు. వాళ్ళు చెక్కం పొమ్మన్నారు. వాడు కోట ముంగిలికి ఎదురుగా నగరద్వారం దగ్గరున్న సాక్షిశిల ముందు నిలబడి వీధి మొత్తాన్నీ రాళ్ళయిపొమ్మని శపించాడు. ఆ శిలకు మనిషి ముఖం ఉంటుంది. శాపాలూ ప్రమాణాలూ దాని ఎదుటే చెయ్యాలి.

"శాపం పెట్టినవాడు విమోచనం కూడా చెప్పి తీరాలి," అన్నాడు ఉదయసేనుడు. "అది లోకధర్మం. మునులైనా తప్పించుకోలేరు. విమోచనం లేని శాపమని సాక్షిశిల ఎదుట తేలితే అది తగిలినవాళ్ళను విడిచి, పెట్టినవాడికే తిరిగి తగులుతుంది. అందుకని వీడూ ఒకటి చెప్పాడు. కోట ముంగిట్లో చుట్టూ పిట్టగోడ కట్టి, గళ్ళు గీసిన చావడి ఉంది. వరుసకు ఎనిమిది గళ్ళు, అలాంటివి ఎనిమిది వరుసలు. ఈశాన్యం మూల గడిలోనూ, నైరుతి మూల గడిలోనూ వాడి హోమగుండాలు. మిగిలింది అరవై రెండు గళ్ళు. రెండేసి గళ్ళు కప్పే రాతిపలకలు ముప్పై ఒకటి ఇస్తాడు. విరగ్గొట్టకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా, గుండాల మీదికి పోనివ్వకుండా చావడంతా కప్పాలి. కప్పిన రోజు రాళ్ళన్నీ మనుషులవుతాయి. పొద్దుగూకేలోగా కప్పలేకపోతే కప్పబోయినవాడూ రాయే. లెక్క సరిగ్గా సరిపోతుంది చూశావా? కాస్త ఓపిక, కాస్త నేర్పు ఉంటే చాలు. ఇవాళ నా వంతు."

"ఇంతమంది ప్రయత్నించారుగా. చివరికి ఏమవుతోంది?"

"అదే చిత్రం! ఎవరు పేర్చినా చివరికి ఒక పలక మిగులుతుంది. రెండు గళ్ళూ మిగులుతాయి. ఆ రెండూ పక్కపక్కన ఉండవు. మీ అన్న కూడా ఆ చివరి పలక చేత్తో పట్టుకునే రాయి అయ్యాడు."

వింధ్యావళి దారి మధ్యలో ఆగింది. పుల్ల తీసుకుని ధూళిలో గళ్ళు గీసింది. ఒక గడి విడిచి ఒక గడిలో మన్ను పోసింది. మూలల వైపు చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది. పుల్లను రెండుగా విరిచి విసిరేసింది.

"ఏమిటి?" అన్నాడు ఉదయసేనుడు.

"కాదు. ఎవడు పేర్చినా కాదు. వెయ్యేళ్ళు పేర్చినా కాదు. దొంగ ముండాకొడుకు! కాని పనిని చెప్పి మనుషుల్ని చంపుతున్నాడు!"

"క్షత్రియుడికి కానిది..."

"నీకూ కాదు, ఇంద్రుడికీ కాదు. నోరు మూసుకుని నడువు."

రాకుమారుడని తెలిశాక కూడా ఆమె 'నువ్వు' మానలేదు. అతనికీ ఆ మాట గుర్తు చేసే ధైర్యం కలగలేదు.

కోట ముంగిలి తిరనాళ్ళలా ఉంది. బాకాలూ డోళ్ళూ, బుట్టల్లో మరమరాలు అమ్మేవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. ఇవాళ పేర్చేవాడు ఎంతసేపు నిలుస్తాడని పందాలు. పందిరి కింద మణిబంధ మహారాజు తాంబూలం నములుతున్నాడు. పక్కనే ఆయన రాజగురువు ధూమ్రకేశి, మోకాళ్ళ దాకా వేలాడే బూడిదరంగు జడలు, పాలలా తెల్లని చేతులు. చావడి చుట్టూ రాతిమనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఒక చోట మాత్రం ఖాళీ. నేల మీద పాదాల ఆకారంలో దుమ్ము లేని మచ్చలు రెండు.

"ఇక్కడున్నవాడేడీ?" అని అరిచింది వింధ్యావళి.

"బండెక్కి బట్టీకి పోయాడు. ఇప్పుడే," అన్నాడు మరమరాలవాడు. "ఎవరు తల్లీ నువ్వు?"

"కేదారుడి చెల్లెల్ని!" అని అరిచి ఆమె ఉదయసేనుడి చెయ్యి పట్టుకుని చావడిలోకి దూకింది. భటులు ఈటెలు అడ్డం పెట్టారు. ఉదయసేనుడు ఒక ఈటెను లాగి, దాని కర్రతో ఇద్దరిని ఎత్తి మరమరాల బుట్టల మీద కూలేశాడు. జనం గొల్లుమన్నారు.

"మహారాజా!" అంది వింధ్యావళి. "సాక్షిశిలను పిలవండి. ఈ శాపానికి విమోచనం లేదు. వీడు అబద్ధం చెప్పాడు. నేను నిరూపిస్తాను."

మణిబంధుడు ఆమెను కిందికీ పైకీ చూశాడు. "అంకగిరి పిల్లవా? వెయ్యి వరహాల మాన్యం ఇచ్చాం ఆ పీఠానికి. ఒక్క ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో ఇంతవరకు చెప్పలేదు. ఏం చదివావు నువ్వు?"

"ఏది ఎప్పటికీ జరగదో తెలుసుకోవడం చదివాను ప్రభూ."

"దానివల్ల కూడు వస్తుందా?"

"మీ గురువుగారికి బాగానే వచ్చినట్టుంది!"

జనంలో ఎవరో నవ్వి, వెంటనే దగ్గాడు. ధూమ్రకేశి కళ్ళు సన్నబడ్డాయి. ద్వారం దగ్గర సాక్షిశిల కనురెప్పలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. నూతిలోంచి వచ్చినట్టున్న గొంతు నేలంతా కదిలించింది.

"ఎవరు నిరూపిస్తానన్నది? చెప్పు. సందేహం మిగిల్చినా, మధ్యలో మౌనం పట్టినా నువ్వే రాయవుతావు."

వింధ్యావళి చావడి మూలనున్న సున్నపు గంప లాక్కుంది. "ఈ సున్నం ఎవరిది?" అని జనం వైపు తిరిగింది. "నిన్న మొన్నటిదాకా మీ పక్కింట్లో ఉన్నవాడిది కాదూ? మరమరాలు తింటూ చూశారు కదూ!"

తండ్రులు పిల్లల్ని భుజాల మీద నుంచి దించారు.

ఆమె ఒక గడి విడిచి ఒక గడిలో గుప్పెడు సున్నం చల్లుతూ పోయింది. నల్లరాతి చావడి ఆమె నడిచిన మేరా గళ్ళగళ్ళుగా మారింది. ఒక తెల్లగడి, ఒక నల్లగడి. తెల్లదాని నాలుగు పక్కలా నల్లవే. నల్లదాని నాలుగు పక్కలా తెల్లవే.

"గుండాలున్న మూలలు చూడండి. రెండూ తెల్లగళ్ళ వంతులోవి. వాటిని తీసేస్తే మిగిలిన తెల్లవి ముప్పై. నల్లవి ముప్పై రెండు. ఇక పలక. ఏ పలకను ఎక్కడ పెట్టినా ఒక తెల్లగడినీ ఒక నల్లగడినీ కప్పుతుంది. ఇది స్పష్టం. కాబట్టి..."

"ఎవరికి స్పష్టం?" అంది సాక్షిశిల.

వింధ్యావళి పాదాలు చల్లబడ్డాయి. చూస్తే మడమల దాకా రాయి.

అంకగిరిలో అందరికీ ఉన్న జబ్బే అది. ఒళ్ళు బద్ధకించిన చోట 'స్పష్టం' అని దాటేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆచార్యులు సుద్దముక్క విసిరేవాడు. అన్న ప్రాణం పోయే చోట కూడా అదే మాట నోట్లోంచి ఊడిపడినందుకు ఆమెకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ధూమ్రకేశి పందిరి దిగి వచ్చాడు. "పలకను గీతల వెంబడే పెట్టాలని నేనెక్కడ చెప్పాను పిల్లా? వంకరగా పెడితే? ఒక్కో పలకా నాలుగైదు గళ్ళను కాస్త కాస్త కప్పితే? అప్పుడు నీ తెలుపూ నలుపూ ఏమైనట్టు?"

"అవునవును! వంకరగా ఎవరూ పెట్టి చూడలేదు!" అని జనంలో కేక పుట్టింది. ఇద్దరు ముగ్గురు ఆశగా ముందుకు తోసుకొచ్చారు. తల నెరిసిన ఒకావిడ, "నేను పేరుస్తానయ్యా, వంకరగా పేరుస్తాను, నా కొడుకు అక్కడున్నాడు," అని చేతులు జోడించింది.

వింధ్యావళి ఒళ్ళు మండిపోయింది. రాయి మోకాలికి ఎక్కుతోంది.

"ఉదయసేనా! పలక తియ్యి. అదిగో, గుండం లేని వాయవ్యం మూల. అక్కడ వంకరగా పెట్టు."

ఉదయసేనుడు పలకనెత్తి వాయవ్యం మూలలో వాలుగా పెట్టాడు. మూలకూ పలకకూ నడుమ కత్తిమొనలాంటి సందు మిగిలింది.

"మరి ఆ సందులో ఏం పెట్టాలి?" అన్నాడు అతను.

"నేనూ అదే అడుగుతున్నాను. పెట్టు."

అతను మరో పలక తెచ్చి దూర్చబోయాడు. దూరలేదు. "పలక మొన వెడల్పు. సందు ఇరుకు."

"పలకలన్నిటి మొనలూ ఒకటే తీరు, గోడ మూల ఎంతో పలక మొన అంత. కాబట్టి మూలను కప్పాలంటే ఒకే ఒక్క పలక, గోడలకు ఒరుసుకుంటూ, తిన్నగా కూర్చోవాలి. తిన్నగా కూర్చుంటే అది కచ్చితంగా రెండు గళ్ళను కప్పుతుంది. పెట్టు." అతను పెట్టాడు. "ఇప్పుడు మిగిలిన చోటు చూడు. ఖాళీ ఉన్నవాటిలో అన్నిటికంటే పై వరుస పట్టుకో. ఆ వరుసలో పడమటి చివరి ఖాళీ గడి ఏది?"

"ఇదిగో, ఇది."

"దానికి పైన ఏముంది?"

"గోడ."

"ఎడమ పక్క?"

"ఇప్పుడు పెట్టిన పలక... ఓహో! ఇది కూడా మూలే!"

"మూలే. మూలకు ఏం చెప్పానో దీనికీ అదే. రెండో పలకా తిన్నగానే పడాలి. తర్వాత మళ్ళీ ఒక మూల పుడుతుంది. పైనా పక్కనా గోడో పలకో గుండం అంచో, ఏదో ఒకటి ఉండి తీరుతుంది. చివరిదాకా ఇంతే. వంకర పలకకు ఈ చావడిలో చోటు లేదు. వంకర బుద్ధికి ఉందేమో గాని!"

సాక్షిశిల ఒక్కసారి రెప్పలు వాల్చింది. "ఒప్పుకున్నాను," అంది. వింధ్యావళి కాళ్ళ నుంచి రాయి పెంకుల్లా రాలింది. "ప్రతి పలకా ఒక తెల్లగడినీ ఒక నల్లగడినీ కప్పుతుంది. తర్వాత?"

ఇక ఒక్క మాటే మిగిలింది. వింధ్యావళి నోరు తెరిచింది.

"చెప్పు, చెప్పు," అన్నాడు ధూమ్రకేశి నవ్వుతూ. "ఇంతసేపట్లో నీ అన్నను బట్టీలోకి దించే ఉంటారు. రాతికి నిప్పేం నొప్పి? నువ్వు ఆ మాట అనగానే వాడు మనిషవుతాడు. నడిబట్టీలో, నిప్పుల నడుమ, ఒట్టి మాంసం. కానియ్. తొందరగా."

వింధ్యావళి నోరు మూసుకుంది.

ఉదయసేనుడు ఒక్క క్షణం ఆలోచించలేదు. బాకావాడి చేతిలోంచి బాకా లాక్కుని, రాజు కూర్చున్న పందిరి గుంజను తన్ని, అది కూలే గందరగోళంలో పట్టపు గుర్రం మీదికి ఎగిరాడు. "బయటికి లాగగానే ఊదుతాను! అప్పటిదాకా నోరు విప్పకు!" గుర్రం మెట్లు దూకి, హంసల కాలువ దాటి, బట్టీ పొగలో మాయమైంది. వెంట పదిమంది రౌతులు పడ్డారు.

"తర్వాత?" అంది సాక్షిశిల.

మౌనం. రాయి మళ్ళీ పాదాలను పట్టుకుంది. ఈసారి వేగంగా ఎక్కుతోంది.

ధూమ్రకేశి ఆమె చుట్టూ తిరిగాడు. "అంకగిరిలో ఇప్పటికీ తూర్పుగదిలోనే పడుకోబెడతారా ఆడపిల్లల్ని? ఆ పక్క గదిలో గోడనిండా లెక్కలు ఉంటాయి చూశావా? ఎవడో పిచ్చివాడు రాశాడని చెప్పి ఉంటారు. నేనే రాశాను."

నడుము రాయి అయింది. ఆమె కళ్ళు మాత్రం వాడి వెంటే తిరుగుతున్నాయి.

"నీకంటే బాగా చదివాను. కొండ దిగి వచ్చి ఇదే రాజు ముందు నిలబడ్డాను. 'దేనికి పనికొస్తుంది?' అని నవ్వాడు. ఆ సభంతా నవ్వింది. ఆ శిల్పులు నవ్వారు. సరే, పనికొచ్చేలా చేసి చూపించాను. ఇప్పుడెవడైనా నవ్వుతున్నాడా? నువ్వు మాత్రం ఏం చేస్తావు పిల్లా? ఏ వీధిలో ఎవడు పిలిచి అన్నం పెడతాడు నీకు?"

"తర్వాత?" అంది సాక్షిశిల. రాయి ఛాతీ దాటింది. ఊపిరి బరువెక్కింది. మెడ. గడ్డం. తల నెరిసిన ఆవిడ జనంలోంచి ముందుకొచ్చి, "చెప్పేయ్ తల్లీ, నువ్వు కూడా పోతే ఎట్లా!" అని ఏడ్చింది.

రాయి కింది పెదవిని తాకబోతుండగా, దూరంగా, పొగ లోపల్నుంచి, శ్రుతీ లయా లేకుండా ఒక బాకా మోగింది.

"ముప్పై ఒక్క పలకలకు ముప్పై ఒక్క తెల్లగళ్ళు కావాలి!" వింధ్యావళి గొంతు చీలిపోయేలా అరిచింది. "ఉన్నవి ముప్పై! ఈ చావడి నిండదు. ఎవడి వల్లా, ఎన్నడూ నిండదు. ఈ శాపానికి విమోచనం లేదు!"

"లేదు," అంది సాక్షిశిల.

ఆ మాటతో నేల అదిరింది. రాతిమనుషుల ఒళ్ళంతా బీటలు పాకాయి. బీటల్లోంచి చర్మం, రక్తం, కేకలు. ఎత్తిన ఉలి ఎత్తినట్టే ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చి కింద కూలబడ్డారు. తల్లులు పేర్లు పెట్టి పిలుస్తూ తొక్కుకుంటూ పరుగెత్తారు. వింధ్యావళి మీది రాయి పొడిపొడిగా రాలింది.

ధూమ్రకేశి జడలు మాత్రం కింది కొసల నుంచి రాయవుతున్నాయి. వాడు పరుగెత్తబోయాడు. పాదాలు కదల్లేదు. చూస్తుండగానే నడుము, ఛాతీ బిగుసుకున్నాయి. వాడు తల తిప్పి సాక్షిశిల వైపు అరిచాడు.

"ఇంకో శాపం! ఈ అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్న క్షణాన కేదారుడు మళ్ళీ రాయవుతాడు!"

"విమోచనం?"

"నాలుగంటే రెండూ రెండూ. ఆరంటే మూడూ మూడూ. ఎనిమిదంటే మూడూ అయిదూ. ఇలా రెండు ప్రధాన సంఖ్యలను కలిపితే రాని సరిసంఖ్య, రెండు కంటే పెద్దది, ఒక్కటి తెచ్చి నీ ముందు పెట్టాలి!"

వాడి పెదవులు ఆ నవ్వుతోనే రాయి అయ్యాయి.

వింధ్యావళికి ఆ ప్రశ్న తెలుసు. అంకగిరిలో ఆ ప్రశ్న పేరెత్తితే ముసలి ఆచార్యులు కూడా మాట మార్చేవారు. కొండంత సంఖ్యలదాకా చూశారు, అన్నీ వచ్చాయి. రానిది ఒకటి ఎక్కడో ఉందో, అసలు లేదో, ఎవరికీ తెలియదు.

"వింధ్యా!"

గుర్రపు డెక్కల చప్పుడుతో పాటే ఆ కేక. ఆమె గిర్రున వెనక్కి తిరిగి పైటచెంగు ముఖానికి చుట్టుకుంది. "అక్కడే ఆగన్నా! నా ముఖం చూడకు! ఎవరైనా ఆయన కళ్ళు ముయ్యండి!"

"ఏమిటే నీ వెర్రి! ఎవరు రమ్మన్నారు నిన్ను? చదువు వదిలేసి..." కేదారుడి గొంతు దగ్గరికొచ్చింది. ఎవరో అతని చెవిలో గబగబా చెప్పారు. అతని అడుగులు వెనక్కి తిరిగాయి. కాసేపటికి ఒక వీపు వచ్చి ఆమె వీపుకు ఆనుకుంది. వేడిగా, సున్నం వాసనతో, కాలిన వెంట్రుకల వాసనతో.

"ఉందా ఆ సంఖ్య?" అన్నాడు.

"తెలియదన్నా."

"లేదా?"

"అదీ తెలియదు. ఉందని తెచ్చినా నువ్వు బయటపడతావు. లేదని నిరూపించినా ఆ శాపమూ వాడి మీదికే పోయి విరిగిపోతుంది. రెంటిలో ఏది నిజమో తెలియాలి, అంతే. ఇక్కడ తెలిసినవాళ్ళు లేరు. ఉత్తరాన మంచుకొండల అవతల ఒక పీఠం ఉందంటారు."

"అయితే పో."

"ఇప్పుడేనా? నీ చెయ్యి కాలిందేమో కూడా చూడలేదు..."

"చూస్తే మళ్ళీ రాయినవుతాను గదే! ఒక చెయ్యే కాలింది. ఎడమది. ఉలి కుడిచేత్తో పడతాను. పో!"

ఆమెకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. చచ్చినవాడి మీదా, బతికిన రాజు మీదా, కొండంత సంఖ్యల తర్వాత ఎక్కడో దాక్కున్న ఆ ఒక్కదాని మీదా.

కూలిన పందిరి కింది నుంచి మణిబంధుడు బయటికి పాకాడు. కిరీటం లేదు, తాంబూలం గడ్డం మీద కారుతోంది. "పట్టుకోండి దాన్ని! మా రాజగురువును రాయి చేసింది! విలుకాళ్ళెక్కడ?"

ఉదయసేనుడు పట్టపు గుర్రం దిగి కళ్ళెం ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వెళ్ళు. ద్వారం నేనూ మీ శిల్పులూ చూసుకుంటాం. నాకు లెక్కలు రావు గాని ఇది వచ్చు," అంటూ ఒక శిల్పి దగ్గర సమ్మెట అందుకున్నాడు. శాపం వదిలిన శిల్పులు ఒక్కొక్కరే ఉలీ సుత్తీ పట్టుకుని అతని పక్కన నిలబడ్డారు.

గుర్రం ద్వారం దాటింది. గోడ మీద వింటినారులు మోగాయి. మొదటి బాణం ఆమె చెవి పక్కగా పోయింది. రెండోది ఎటు నుంచి వస్తుందో చూడాలంటే తల తిప్పాలి. వెనక అన్న ఉన్నాడు. ఆమె తల తిప్పలేదు.

"ఎడమకి!"

గోడ మీద నుంచి కేదారుడి గొంతు. ముఖం చూడకూడదు గాని వీపు చూడొచ్చు. అతను బురుజెక్కి నిలబడి ఆమె వీపును చూస్తున్నాడు. ఆమె కళ్ళెం ఎడమకు లాగింది. బాణం కుడి పక్క నేలలో దిగింది.

"వంగు! వంగు... ఇప్పుడు కుడికి!"

ఆమె వంగింది. కుడికి తిప్పింది. కాలువ దూకింది. వెనక రౌతుల డెక్కలు దగ్గరవుతున్నాయి. గొంతు చిన్నదవుతోంది.

"ఎడమకి..."

ఉత్తరపు అడవి అంచు చేరేసరికి గాలి హోరు ఎక్కువైంది. కేదారుడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఏమంటున్నాడో మాత్రం తెలియడం లేదు. వింధ్యావళి ఒక లిప్త చెవి ఒగ్గి విని, తనంతట తానే గుర్రాన్ని కుడికి తిప్పింది.